రిచర్డ్ హామింగ్ చరిత్రము

రిచర్డ్ వెస్లీ హామింగ్ 1915వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని షికాగో నగరమున జన్మించెను. షికాగో, నెబ్రాస్కా, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములలో గణితము నభ్యసించి 1942లో డాక్టరు పట్టము గడించెను.

1945లో ఆయన లాస్ ఆలమాస్‌లో అణుబాంబు లెక్కలు చేయు యంత్రములను నడుపు పనిలో చేరెను. తొలి పరీక్షకు కొంచెము ముందు ఒకరు కొన్ని లెక్కలను సరిచూడుమని తెచ్చి యిచ్చిరి. క్రిందివారి కప్పగింపదలచిన హామింగ్, అవి దేనికని యడుగగా, ఆ పేలుడుచే వాయుమండలమంతయు నంటుకొనునా యను ప్రశ్నకు సంబంధించినవని తెలియవచ్చెను. అంతట తానే కూర్చుండి సరిచూచెను. లెక్క సరిగనే యున్నదని చెప్పెను గాని, దాని కాధారమైన సూత్రములకు మాత్రము పూచీపడలేదు. మొత్తము సరిపోయినంత మాత్రమున పద్దులు నిజమని చెప్పరాదను సంగతి చిఠా వ్రాసిన ప్రతివాడు నెరుగును గదా!

1946లో ఆయన బెల్ పరిశోధనాలయమున చేరెను. అచ్చటి గణకయంత్రము తనలోని పొరపాటును తాను కనిపెట్టగలదు. పని దినములలో నైనచో దీపము వెలిగించి మనుష్యులను పిలుచును. శని ఆదివారములలో పిలుచుటకు ఎవరును లేరు గనుక, ఆ లెక్కను విడిచి మరియొక లెక్కకు పోవును. హామింగ్ లెక్కలు వరుసగా రెండు వారము లిట్లే పాడయ్యెను. దోషమున్నదని తెలిసికొను యంత్రము, అది యెచ్చటనున్నదో తెలిసికొని దిద్దుకొనలేదా యని ఆయన విసుగుతో నాలోచింపసాగెను.

యంత్రములకు 0, 1 అను రెండే యంకెలు. 1101 అని పంపవలె ననుకొందము. ఇందు ఒకట్లు మూడు. తుదిని మరియొక ఒకటి చేర్చి సరిసంఖ్య చేసి 11011 అని పంపుదురు. చేరినచోట ఒకట్లు బేసియైనచో త్రోవలో చెడినదని నిశ్చయము. ఏ యంకె చెడినదో తెలియదు. రెండు చెడినచో, చెడినదనియే తెలియదు.

హామింగ్ మొదట అంకెలను గళ్లలో పేర్చి, ప్రతి యడ్డు వరుసకును, ప్రతి నిలువు వరుసకును ఒక్కొక్క తనిఖీ అంకెను చేర్చెను. తప్పిన యడ్డు వరుసయు, తప్పిన నిలువు వరుసయు కలియు గడియే దోషస్థానము. గ్రామలెక్కలలో అడ్డపు కూడికలను నిలువు కూడికలతో సరిచూచు పద్ధతికి ఇది దగ్గర చుట్టము. కాని తనిఖీ అంకెలు హెచ్చగుటచే ఆయనకు తృప్తి కలుగలేదు. తుదకు నాలుగంకెలకు మూడే చేర్చి, ఏడుగా పంపు మార్గమును సాధించెను. తనిఖీ అంకెలు 1, 2, 4 స్థానములలో నుండును. తప్పిన తనిఖీల స్థానములను కూడినచో దోషస్థానమే వచ్చును. 1, 4 తప్పినచో 5వ యంకె చెడినదని యర్థము. దానిని మార్చినచో చాలును. ఒకేసారి రెండంకెలు చెడినచో మాత్రము ఈ పద్ధతి మంచి యంకెనే దిద్ది మోసపోవును. ఇంకొక తనిఖీ అంకెను చేర్చినచో, రెండు దోషములను దిద్దలేకున్నను, కనిపెట్టగలదు.

పేటెంటు వ్యవహారములవలన ఆలస్యమై ఈ వ్యాసము 1950లో వెలువడెను. 1968లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారము లభించెను. 1976లో మాంటెరేలోని నౌకాదళ విద్యాలయమున ఆచార్యుడై 1997 వరకు బోధించి, 1998 జనవరి 7వ తేదీన ఆ యూరనే కాలధర్మము నొందెను.