చౌరస్తాకు నీతి నేర్పిన విలియం ఫెల్ప్స్ ఈనో

మన విశాఖ ఫిషింగ్ హార్బరు నుండి వేటకు బయలుదేరిన మరబోట్లకు నడిసముద్రంలో చౌరస్తా దీపాలు లేవు. రెండు మరపడవలు అడ్డదారిన ఎదురైతే, తన కుడిప్రక్క నుండి వచ్చేదానికి దారి విడువవలెనన్నది సముద్రయాన నియమం. నేలపైని వీధులకు కూడ ఇట్టి కట్టుబాట్లు ఉండవలెనని జీవితమంతా పాటుపడిన ఒక మహనీయుని చరిత్రను విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయదలచినాము.

ఈనో 1858లో న్యూయార్కు నగరాన సంపన్న కుటుంబంలో జన్మించినాడు. 1867లో, తొమ్మిదేండ్ల ప్రాయాన, తల్లితో బండిలో పోవుచు రద్దీలో చిక్కుకొన్నాడు. అక్కడ నిలిచిపోయినవి సుమారు డజను గుర్రపుబండ్లు మాత్రమే. అయినను ఎవరు ముందు కదలవలెనో బండివాండ్రకు తెలియదు, పోలీసులకును తెలియదు. ఆ దృశ్యం బాలుని మనస్సున చెరగని ముద్ర వేసినది.

యేల్ విశ్వవిద్యాలయంలో చదివి, కుటుంబ వ్యాపారం విరమించిన పిదప, 1900లో వీధుల సంస్కరణను కోరుతూ పత్రికలో వ్యాసం వ్రాసినాడు. 1903లో న్యూయార్కు పోలీసులు ఆయన రూపొందించిన నియమాలను స్వీకరించిరి. ఉత్తర దక్షిణాలుగా సాగే బండ్లకు తూర్పు పడమరలుగా సాగేవి దారి ఇవ్వవలెను; మెల్లగా నడిచే బండి వీధి అంచున సాగవలెను; ఆగదలచినవాడు చేతినో కొరడానో ఎత్తి వెనుకవానికి తెలుపవలెను. 1905లో ఆయన సూచనతో కొలంబస్ సర్కిల్ చుట్టూ వాహనాలు ఒకే దిశలో తిరిగినవి. 1907లో పారిస్ విజయతోరణం వద్ద సైతం ఆ పద్ధతి అమలైనది. దీపాలకంటె ఇట్టి ప్రదక్షిణ మార్గమే మేలని ఆయన అభిప్రాయం. విచిత్రమేమనగా, ఆయన ఎన్నడును మోటారు నడుపుట నేర్వలేదు! 1921లో రహదారుల అధ్యయనానికై సంస్థను స్థాపించి, 1945లో పరమపదించినాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన నగరాన్ని తాకి విద్యుత్తును హరించినది. విద్యుత్తు పోతే దీపం ఆరును, నియమం ఆరదు. అప్పుడు పోలీసు ఉన్నచో ఆయన సైగయే ఆజ్ఞ. లేనిచో ప్రధాన రహదారిన పోయే వాహనానికి, తక్కిన కూడళ్ళలో కుడివైపు నుండి వచ్చేదానికి దారి విడువవలెనన్నది మన దేశపు కట్టుబాటు. పెద్ద లారీకిగాని, పెద్ద హారనుకుగాని ఇందులో ప్రత్యేక హక్కు లేదు.

ఉర్దూ సోదరుల పహలే ఆప్ మర్యాద మనకు సుపరిచితమే. ఇరువురును అదే పలికినచో ఎవరును కదలరు. ఇరువురును మరచినచో ప్రాణాలు పోవును. ఎవరు ముందో నిర్ణయించి ఆ మర్యాదకు క్రమమొసగునదే నియమం. రేపు వాహనాలు నడుపబోయే మన యువతరం, దీపం వెలిగినను ఆరినను, దానిని పాటించునని ఆశించుచున్నాము.