కొవ్వొత్తి పాఠం చెప్పిన కమ్మరి కొడుకు



పోయిన యూనిట్ టెస్టులో కొవ్వొత్తి మండడం ఏ మార్పు అని అడిగితే నేను భౌతిక మార్పు అని రాశాను. మైనం కరిగి మళ్ళీ గడ్డ కడుతుంది కదా అనుకున్నా. మార్కులు పోయినాయి. సైన్సు మనకి రాదులే, ఇంటికి పోయి నాన్నతో పోడు పని చేసుకుందామని కూడా అనుకున్నా. అప్పుడే లైబ్రరీలో మైకేల్ ఫారడే జీవితం చదివాను.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర జన్మించాడు. తండ్రి కమ్మరి. ఇంట్లో పేదరికం. బడిలో నేర్చింది చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు, అంతే. 14వ ఏట పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోలేదు, చదివాడు. చదివింది ప్రయోగం చేసి చూసుకున్నాడు. 1812లో హంఫ్రీ డేవీ అనే గొప్ప శాస్త్రవేత్త ఉపన్యాసాలు విని, నోట్సు రాసి, తనే బైండు చేసి ఆయనకు పంపాడు. 1813లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడిగా చేరాడు. డేవీ దంపతులతో దేశాలు తిరిగినప్పుడు నౌకరు పనులు కూడా చేయవలసి వచ్చింది. బాధ కలిగినా నేర్చుకోవడం మానలేదు.

1823లో క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చాడు. అది భౌతిక మార్పు. 1825లో బెంజీన్ కనిపెట్టాడు. కరెంటు పుట్టించే యంత్రాలకు మూలం ఆయన 1831లో కనిపెట్టిన విషయమే. లెక్కల్లో మాత్రం ఆయన గట్టివాడు కాదు!

1860-61 క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు కొవ్వొత్తి మీదనే ఆరు పాఠాలు చెప్పాడు. నా తప్పు అక్కడ తెలిసింది. మైనం కరగడం భౌతిక మార్పే. కాని కరిగిన మైనం వత్తి పైకి ఎక్కి, ఆవిరై మండితే నీరు, కార్బన్ డై ఆక్సైడ్ పుడతాయి. వాటిని ఎంత చల్లార్చినా మళ్ళీ మైనం కాదు. ఇది రసాయన మార్పు. అంటే నాకు సగమే తెలుసన్నమాట.

మొన్న స్టడీ అవర్లో కరెంటు పోయినప్పుడు, వార్డెన్ సారు దగ్గర ఉండగా, మంట పైన చల్లని స్టీలు గ్లాసు బోర్లించి పట్టాను. లోపల చెమ్మ పట్టింది! కొవ్వొత్తి ఆర్పగానే లేచిన తెల్లని ఆవిరికి అగ్గిపుల్ల చూపిస్తే, మంట దూకి వత్తి అంటుకుంది.

ఫారడే 1867 ఆగస్టు 25న మరణించాడు. నేను ఇంటికి పోయే ఆలోచన మానుకున్నాను. ఆ ప్రశ్న నాలాగా తప్పు రాసినవాళ్ళు ఆదివారం రండి. సారుని అడిగి మళ్ళీ చేసి చూద్దాం. కొవ్వొత్తి నేను తెస్తా.

– 9వ తరగతి విద్యార్థి