చూపు పోయాక దారి చూపిన సర్ ఆర్థర్ పియర్సన్

ఈ ప్రత్యేక సంచికకు ఒక సేవాపరాయణుని జీవితచరిత్ర రాసి పంపమని మన సంఘం సంపాదకవర్గం వారు నన్ను కోరారు. మన దేశంలోని మహనీయులను గురించి నాకన్నా బాగా రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. అందుచేత మనలో ఎక్కువమంది పేరు విని ఉండని, తన కాలంలో మాత్రం ఇంగ్లాండు అంతటా మారుమోగిన ఒక పత్రికాధిపతిని ఎంచుకున్నాను. ఆయన పేరు సర్ ఆర్థర్ పియర్సన్. నేను ఈయననే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, నేను టెలిఫోన్ల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రెండవది, కొన్నేళ్ళుగా నాకు కంటిలో నీటికాసుల జబ్బు ఉంది. ఈ రెండింటికీ పియర్సన్ గారికీ ఉన్న సంబంధం ముందుకు పోయేకొద్దీ పాఠకులకు తెలుస్తుంది.

1962, 1965 యుద్ధాల సమయంలో మన తెలుగు సినిమా నటులు రక్షణ నిధికి విరాళాలు పోగుచేసిన సంగతి మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. గాయపడిన సైనికుల కోసం పేరున్నవారు ముందుకు వచ్చి ప్రజలకు విజ్ఞప్తి చేయడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. ఒక పూట వేదిక ఎక్కి మాట్లాడి, మెడలో దండ వేయించుకుని వెళ్ళిపోయేవారు కొందరు. తన పేరుతోపాటు మిగిలిన ఆయుష్షు కూడా ఇచ్చేవారు బహు కొద్దిమంది. పియర్సన్ ఆ కొద్దిమందిలో ఒకరు.

సిరిల్ ఆర్థర్ పియర్సన్ 1866 ఫిబ్రవరి 24న ఇంగ్లాండులోని సోమర్సెట్ ప్రాంతంలో వూకీ అనే గ్రామంలో జన్మించారు. తండ్రి చర్చిలో మతాచార్యులు. పియర్సన్ పేరుపొందిన వించెస్టర్ పాఠశాలలో కొంతకాలం చదివారు. 1884లో ఆయనకు పద్ధెనిమిదేళ్ళు. అప్పట్లో లండనులో టిట్-బిట్స్ అనే వారపత్రిక బాగా అమ్ముడుపోతుండేది. ఆ పత్రికవారు ఒక పోటీ పెట్టారు. కొన్ని నెలలపాటు వారం వారం ప్రశ్నలు వేస్తారు, అందరికన్నా ఎక్కువ సరైన జవాబులు పంపినవారికి ఆ పత్రికా కార్యాలయంలోనే గుమాస్తా ఉద్యోగం ఇస్తారు. ఇంటి దగ్గర అన్ని పుస్తకాలు లేవు. పియర్సన్ వారానికి మూడుసార్లు సైకిలు తొక్కుకుంటూ బెడ్‌ఫర్డ్ పట్టణంలోని గ్రంథాలయానికి పోయి, జవాబులు వెతికి రాసుకుని వచ్చేవారు. ఉద్యోగం ఆయనకే దక్కింది. ఏడాది తిరిగేసరికి గుమాస్తా కాస్తా మేనేజరు అయ్యారు.

1890లో సొంతంగా పియర్సన్స్ వీక్లీ స్థాపించారు. 1896లో మాసపత్రిక పెట్టారు. హెచ్.జి. వెల్స్ రాసిన ప్రసిద్ధ నవల ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ 1897లో ధారావాహికగా వెలువడింది ఈ మాసపత్రికలోనే. 1900 ఏప్రిల్ 24న డెయిలీ ఎక్స్‌ప్రెస్ దినపత్రికను ప్రారంభించారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు పత్రికల మొదటి పేజీ నిండా ప్రకటనలే ఉండేవి. పియర్సన్ మొదటి పేజీలో వార్తలు వేశారు. 1904లో ది స్టాండర్డ్ పత్రికను కూడా కొన్నారు. స్కౌట్ ఉద్యమానికి మూలమైన బేడెన్ పవెల్ పుస్తకం స్కౌటింగ్ ఫర్ బాయ్స్‌ను 1908లో ప్రచురించింది ఈయన సంస్థే.

డబ్బు సంపాదన ఒక్కటే ఆయన ధ్యేయం కాదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1892లోనే పాఠకుల విరాళాలతో ఫ్రెష్ ఎయిర్ ఫండ్ అనే నిధి పెట్టారు. లండను మురికివాడల పిల్లలను ఒక రోజు పల్లెటూళ్ళకు తీసుకువెళ్ళి, తిండి పెట్టి, పచ్చిక మీద ఆడించి తీసుకురావడం దాని పని. ఒక్కొక్క పిల్లవాడికి అయ్యే ఖర్చు తొమ్మిది పెన్నీలు. ఇంత ఇస్తే ఇంత పని జరుగుతుందని లెక్క చెప్పి అడిగితే సామాన్యుడు కూడా ఇస్తాడని పియర్సన్ అప్పుడే గ్రహించారు.

పేరు, ధనం, పలుకుబడి అన్నీ అమరిన సమయంలో కళ్ళు మొరాయించాయి. ఆయనకు వచ్చిన జబ్బు గ్లాకోమా. దానినే మనం నీటికాసులు అంటాం. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం క్రమంగా దెబ్బతినడం ఈ జబ్బు లక్షణం. చాలామందిలో నొప్పి ఉండదు. మొదట పక్కచూపు తగ్గుతుంది, ఎదుట ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది గనుక మనిషికి తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఈనాడు ఒత్తిడి తగ్గించే చుక్కల మందులున్నాయి, మంచి శస్త్రచికిత్సలున్నాయి. నేను రోజూ చుక్కలు వేసుకుంటూ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. పియర్సన్ గారికి ఆ అదృష్టం లేకపోయింది. 1908లో చేసిన ఆపరేషన్ ఫలించలేదు. చదవడం, రాయడం కష్టమైపోయి పత్రికలను ఒక్కొక్కటిగా వదులుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేనాటికి ఆయనకు బొత్తిగా చూపు లేదు. వయస్సు యాభై కూడా నిండలేదు.

అక్షరాల మీద బతికిన మనిషికి అక్షరం కనబడకుండా పోయింది. ఆయన ఇంట్లో కూర్చోలేదు. బ్రెయిలీ లిపి నేర్చుకున్నారు. అంధుల జాతీయ సంస్థలో చేరి 1914లో అధ్యక్షులయ్యారు. కొన్ని వేల పౌండ్లు ఉండే ఆ సంస్థ వార్షికాదాయాన్ని ఎనిమిదేళ్ళలో 3,60,000 పౌండ్లకు పెంచారు. పత్రికలు అమ్మిన నేర్పునంతా ఇక్కడ ఉపయోగించారు.

ఇంతలో యుద్ధం ముదిరింది. తుపాకి గుండ్లకు, బాంబు తునకలకు, తర్వాత విషవాయువుకు కళ్ళు పోగొట్టుకున్న సైనికులను ఓడలలో తీసుకువస్తున్నారు. వారిలో ఎక్కువమంది ఇరవై, పాతికేళ్ళ కుర్రవాళ్ళు. కళ్ళు పోయిన పేదవాడు వీధి మలుపులో టోపీ ముందు పెట్టుకుని కూర్చోవడమే అంతవరకు చాలామంది ఎరిగిన సంగతి. ఈ కుర్రవాళ్ళకు ఆ గతి పట్టకూడదని పియర్సన్ పట్టుబట్టారు. 1915 జనవరిలో ఒక సంఘం ఏర్పరచి, తొలుత బేస్‌వాటర్‌లో ఒక ఇంట్లో పని మొదలుపెట్టారు. మార్చి 26న లండనులోని రీజెంట్స్ పార్కులో సెయింట్ డన్‌స్టన్స్ అనే పెద్ద భవనంలోకి మారారు. పదిహేను ఎకరాల తోట ఉన్న ఆ భవనాన్ని ఓటో కాన్ అనే అమెరికన్ బ్యాంకరు ఈ పనికోసం ఇచ్చారు. పత్రికల వీధిగా పేరుపడ్డ ఫ్లీట్ స్ట్రీట్‌లోని సెయింట్ డన్‌స్టన్ చర్చి గడియారాన్ని పూర్వం కొని తెచ్చి ఆ ఇంటికి తగిలించారు, దానివల్లే ఇంటికి ఆ పేరు వచ్చింది. పత్రికలు వదులుకున్న మనిషి కొత్త జీవితానికి పత్రికల వీధి చర్చి పేరే దక్కడం చిత్రమైన సంగతి.

పియర్సన్ స్వయంగా ఆసుపత్రికి వెళ్ళి, కళ్ళు పోయిన సైనికుని మంచం పక్కన కూర్చునేవారు. ఆ మాట్లాడే పెద్దమనిషికి కూడా చూపు లేదని తెలిసేసరికి సైనికునికి సగం ధైర్యం వచ్చేది. శిక్షణ కేంద్రంలో చేరగానే వేలితో తడిమి సమయం తెలుసుకునే గడియారం ఒకటి ఇచ్చేవారు. టైము ఎంత అయిందని ఒకరిని అడగనక్కరలేని స్థితి నుంచి స్వావలంబన మొదలవుతుందని ఆయన నమ్మకం. నేల మీద పరచిన తివాచీ పట్టీలు కాలికి దారి చూపేవి, తోటలో పట్టుకుని నడవడానికి కమ్మీలు ఉండేవి. బ్రెయిలీ, టైపు అందరూ నేర్చుకోవాలి. ఆపైన ఎవరి అభిరుచిని బట్టి వారికి బుట్టలు, చాపలు అల్లడం, చెప్పులు బాగుచేయడం, వడ్రంగం, కోళ్ళపెంపకం, మర్దన చికిత్స, షార్ట్‌హ్యాండ్, టెలిఫోన్ ఆపరేటరు పని నేర్పేవారు. నేర్పే ఉపాధ్యాయులలో పలువురు అంధులే. సాయంత్రాలు సంగీతం, నాట్యం, సరస్సులో పడవ పోటీలు. శిక్షణ ముగిసిన తర్వాత కూడా వదిలిపెట్టలేదు. దుకాణం పెట్టించడం, ముడిసరుకు అందించడం, తయారైన వస్తువులు అమ్మిపెట్టడం, అప్పుడప్పుడు మనిషిని పంపి యోగక్షేమాలు విచారించడం సంస్థ బాధ్యతగా పెట్టుకున్నారు. వందలాదిమంది ఈ విధంగా తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు.

ఇంత పనికి డబ్బు కావాలి. ఇక్కడే పేరున్నవారి అండ అక్కరకు వచ్చింది. రాజమాత అలెగ్జాండ్రా సంస్థకు పోషకురాలిగా ఉన్నారు. రాజకుటుంబం వారు వచ్చి చూసి వెళ్ళిన వార్త పత్రికలలో పడితే విరాళాలు పెరిగేవి. చిన్న జెండాలు అమ్మే రోజులు పెట్టారు. చూపులేని సైనికుని చేయి పట్టుకుని ఒక చిన్న పాప నడిపిస్తున్న బొమ్మ దేశమంతటా తెలిసిపోయింది.

ఈ సందర్భంలో మనం ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. కేంద్రం లోపల జాలి అనే మాటకు చోటు లేదు. బయట డబ్బు రాలింది మాత్రం ఆ బొమ్మ చూసి కలిగిన జాలి వల్లనే. ఈ రెండింటి మధ్య ఉన్న చిక్కును పియర్సన్ పూర్తిగా విప్పలేకపోయారని నా అభిప్రాయం. పైగా ఆయన రాతలలో గెలిచినవారి ఉత్సాహమే ఎక్కువగా కనిపిస్తుంది, లోలోపల కుంగిపోయినవారికి చోటు తక్కువ. 1919లో ఆయన వెలువరించిన పుస్తకం పేరే అంధత్వంపై విజయం అని అర్థం వచ్చేది.

సైనికులు కాని అంధుల సంగతి కూడా చెప్పాలి. గనులలో, కర్మాగారాలలో చూపు పోయినవారికి, పుట్టుగుడ్డివారికి ఇంతటి ఆదరణ దొరకలేదు. 1920లో అంధుల కార్మిక సంఘం వారు మాంచెస్టర్, లీడ్స్, న్యూపోర్ట్ పట్టణాల నుంచి లండనుకు కాలినడకన వచ్చారు. తమకు కావలసింది దానం కాదు, హక్కు అని వారి వాదన. అదే సంవత్సరం అంధుల చట్టం వచ్చింది. వృద్ధాప్య పింఛను వయస్సును అంధులకు 70 నుంచి 50కి తగ్గించారు. పింఛను దయ కాదు, హక్కు అన్న మాట విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రభుత్వం హక్కుగా ఇవ్వవలసినది ఇవ్వాలి. పియర్సన్ వంటివారు పింఛను ఇవ్వలేని దానిని, అంటే చేతికి పనిని, మనస్సుకు ధైర్యాన్ని ఇవ్వాలి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది అక్కరలేకుండా పోదు.

ప్రభుత్వం ఆయనకు 1916లో బారొనెట్ బిరుదు ఇచ్చి గౌరవించింది. 1921 డిసెంబరు 9న స్నానం చేస్తూ కాలు జారి, తలకు దెబ్బ తగిలి, స్పృహతప్పి నీటిలోనే కన్నుమూశారు. అప్పటికి వయస్సు 55. అంత్యక్రియలకు అంధులు పెద్ద సంఖ్యలో తరలివచ్చారు. ఆయన తర్వాత సంస్థ పగ్గాలు చేపట్టినవారు ఇయాన్ ఫ్రేజర్. 1916లో సోమ్ యుద్ధంలో చూపు పోగొట్టుకుని, ఇక్కడే శిక్షణ పొందిన యువకుడాయన. అప్పటికి ఆయనకు ఇరవైనాలుగేళ్ళు. అర్ధశతాబ్దం పైగా ఆ బాధ్యత మోశారు. ఆ సంస్థ 2012 నుంచి బ్లైండ్ వెటరన్స్ యూకే అనే పేరుతో నడుస్తోంది.

ఆయన నాటిన మొక్క కొమ్మ ఒకటి మన దేశం దాకా వచ్చింది. న్యూజిలాండ్‌కు చెందిన క్లూథా మెకెంజీ 1915లో గల్లిపొలి యుద్ధంలో చూపు పోగొట్టుకుని పియర్సన్ వద్దకు చేరారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన భారతదేశానికి వచ్చారు. యుద్ధంలో చూపు పోయిన భారతీయ సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ పేరుతోనే వసతిగృహం ఏర్పడింది. దానికి తొలి అధిపతి మెకెంజీయే. అంధుల కోసం ఈనాడు డెహ్రాడూన్‌లో ఉన్న జాతీయ సంస్థకు మూలం అదే. అప్పట్లో మన దేశంలో ఒక్కొక్కచోట ఒక్కొక్క రకం బ్రెయిలీ వాడుకలో ఉండేది. యునెస్కో తరపున జరిగిన కృషిలో మెకెంజీ ముఖ్యపాత్ర వహించగా 1951లో భారతీ బ్రెయిలీ స్థిరపడింది. మన తెలుగు క అక్షరానికీ, హిందీ క అక్షరానికీ ఒకే చుక్కలు. ఈనాడు మన ఊళ్ళో చూపులేని పిల్లవాడు తెలుగు వాచకాన్ని వేలితో చదువుతున్నాడంటే ఆ వేలి వెనుక ఈ పెద్దల కృషి కూడా ఉంది.

నేను ఉద్యోగంలో ఉండగా ఒక కార్యాలయం టెలిఫోన్ బోర్డులో చూపులేని ఆపరేటరు ఒకాయన పనిచేసేవారు. పేరు చెప్పకముందే గొంతు గుర్తుపట్టి పలకరించేవారు, నంబర్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఆ పని అంధులకు తగినదని నమ్మి, నేర్పి, ఉద్యోగాలు ఇప్పించినవారిలో పియర్సన్ ఒకరని తర్వాతెప్పుడో చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

సభ్యులకు రెండు మనవులు చేసి ముగిస్తాను. మొదటిది, అరవై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే మరీ ముఖ్యం. రెండవది, ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం వస్తుంది. ఆ రోజున చిన్న జెండా కొని చొక్కాకు పెట్టుకోవడంతో సరిపెట్టుకోకుండా, మన పేటలో గాయపడి వచ్చిన మాజీ సైనికులు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుందాం. వారి పింఛను కాగితాలు, దరఖాస్తులు చూసిపెట్టడం జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన మనకు చేతనైన పని. పెద్ద పేరు లేకపోయినా మన దగ్గర తీరిక ఉంది, అనుభవం ఉంది. సెలవు.