గిడుగు రామమూర్తి పంతులుగారు

శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్ర సమీపమున పర్వతాలపేటలో జన్మించిరి. బాల్యముననే పితృవియోగము కలిగినది. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యును, కుటుంబభారముచే కళాశాలకు పోజాలక, మరుసటి యేడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. అయినను చదువు మానలేదు. ఇల్లు నడుపుచునే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టభద్రులైరి.

ఆ మన్యమునందలి సవరల భాషకు నాడు పుస్తకములు లేవు. పంతులుగారు తెలుగెరిగిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చి, పాఠ్యపుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో వారికి బడులు నడపిరి. అందుకై ప్రభుత్వ మియ్యజూపిన పారితోషికమును గ్రహింపక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. కుమారులు సీతాపతిగారు ఈ కృషిలో తండ్రికి తోడైరి.

1911లో పదవీ విరమణ చేసి, శేషజీవితమును వ్యావహారిక భాషోద్యమమునకు వినియోగించిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, డెబ్బదిరెండేండ్ల ప్రాయమున ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. వారి సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. 1940 జనవరి 22న కీర్తిశేషులైరి.

పొట్టకూటికై చేపట్టిన యుద్యోగమే వారి చేతిలో లోకోపకారమైనది. ఇంటి యవసరముచే పదవ తరగతితో చదువాగినదని కుందు మన మద్నూరు ప్రాంత యువకులు ఈ జీవితమును తలపోయుదురు గాక.