మేజర్ టేలర్: సైకిలే లోకంగా బతికినవాడు

1932 జూన్ 21న షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి ఉచిత వార్డులో 53 ఏళ్ల నల్లజాతి మనిషి ఒకడు చనిపోయాడు. శవాన్ని తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మౌంట్ గ్లెన్‌వుడ్ శ్మశానంలో, దిక్కులేనివాళ్లకు వదిలిన మూలలో, పేరు చెక్కిన రాయి కూడా పెట్టకుండా పూడ్చిపెట్టారు. అంతకు ముప్పై ఒక్క ఏళ్ల ముందు ఇదే మనిషిని చూడటానికి పారిస్ జనం టికెట్ల కోసం ఎగబడ్డారు. భూమ్మీద సైకిల్ మీద అతనికంటే వేగంగా పోగలిగినవాడు లేడని మూడు ఖండాల పత్రికలు రాశాయి. పేరు మార్షల్ వాల్టర్ టేలర్. లోకం పిలిచింది మేజర్ టేలర్ అని.

సైకిల్ పందేలంటే మనకు ఈరోజు టూర్ ద ఫ్రాన్స్ తప్ప మరొకటి గుర్తుకురాదు. 1890లలో సంగతి వేరు. గాలి నింపిన టైరు వచ్చి పదేళ్లు కాలేదు. కారు ఇంకా ధనికుల ముచ్చట కూడా కాలేదు. మనిషి తన కండబలంతో అందుకోగల అతి పెద్ద వేగం సైకిల్‌దే. అమెరికా నగరాల్లో చెక్క పలకలతో వాలుగా కట్టిన ట్రాకుల చుట్టూ జనం కిక్కిరిసేవారు. పందెం గెలిచినవాడికి డబ్బూ పేరూ రెండూ దక్కేవి. ఒక నల్లపిల్లవాడు ఆ లోకంలోకి అడుగుపెట్టడం మాత్రం దాదాపు ప్రమాదవశాత్తూ జరిగింది.

టేలర్ 1878 నవంబర్ 26న ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల ఇల్లు. తండ్రి గిల్బర్ట్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పనిచేసి, తర్వాత సౌథార్డ్ అనే సంపన్న తెల్ల కుటుంబానికి గుర్రపు బగ్గీ తోలేవాడు. ఆ ఇంట్లో డాన్ అని ఒక అబ్బాయి, టేలర్ ఈడువాడే. ఇద్దరికీ జత కుదిరింది. చివరికి టేలర్ ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. డాన్‌తో సమానంగా బట్టలు, డాన్‌తో పాటే చదువు, డాన్‌కు ఉన్నట్టే ఒక సైకిల్. నాలుగైదేళ్లు గడిచాక సౌథార్డ్‌లు షికాగో వెళ్లిపోయారు. టేలర్‌ను తల్లి పంపలేదు. రాత్రికి రాత్రి అతను పేదింటి పిల్లవాడయ్యాడు. చేతిలో మిగిలింది ఆ సైకిలొక్కటే.

సౌథార్డ్‌ల ఇంట ఉన్న రోజుల్లోనే ఇంకో విషయం తెలిసొచ్చింది. నేస్తాలంతా వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలకు వెళితే, టేలర్‌ను లోపలికి రానివ్వలేదు. పైన గ్యాలరీలో కూర్చుని వాళ్లు చేసే కసరత్తులు చూసేవాడు. అవన్నీ తానూ చేయగలనని తెలుసు, చేసే చోటు లేదు. ఆ పూట తన మనసు ఎంత నొచ్చిందో నలభై ఏళ్ల తర్వాత రాసుకున్న ఆత్మకథలో కూడా మరిచిపోలేదు.

సైకిల్ మీద పత్రికలు వేస్తూ, ఊరికే తోచక దాని మీద విన్యాసాలు నేర్చుకున్నాడు. వాటిని చూసి హే అండ్ విలిట్స్ అనే సైకిల్ దుకాణం వాళ్లు పనిలో పెట్టుకున్నారు. సైనికుడి దుస్తులు తొడిగి కొట్టు ముందు విన్యాసాలు చేయించేవారు. మేజర్ అన్న పేరు ఆ చొక్కా గుండీల నుంచి వచ్చిందే తప్ప ఏ పటాలం నుంచీ కాదు. ఒకసారి వాళ్లు నిర్వహించిన పది మైళ్ల పందెంలో జనాన్ని నవ్వించడానికని ఈ కుర్రవాణ్ణి దింపారు. వాడు గెలిచాడు. అక్కడి నుంచి నవ్వడం ఆగిపోయి గుర్రుగా చూడటం మొదలైంది. స్థానిక ట్రాకులు ఒక్కొక్కటే తలుపులు మూశాయి.

అప్పుడు కలిశాడు లూయిస్ మంగర్. ఒకప్పటి రేసర్, తర్వాత సైకిళ్ల తయారీదారు, తెల్లవాడు. నల్లవాడిని దగ్గరుండి తీర్చిదిద్దుతున్నాడని తోటివాళ్లు అతని మీద మండిపడ్డారు. మంగర్ ఫ్యాక్టరీనీ టేలర్‌నూ కూడా తీసుకుని 1895లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కు మకాం మార్చాడు. ఆ ఊళ్లో వై.ఎం.సి.ఎ. వాళ్లు టేలర్‌ను చేర్చుకున్నారు. జార్జ్ స్ట్రీట్ అని నిట్రంగా లేచే వీధి ఒకటుంది. దాన్ని తొక్కి ఎక్కడం అతని రోజువారీ సాధన.

ఇక్కడ ఒక నిబంధన గురించి చెప్పాలి. అమెరికాలో సైకిల్ పందేలను శాసించిన సంస్థ లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్. 1894లో అది తెల్లవాళ్లకు తప్ప ఎవరికీ సభ్యత్వం లేదని తీర్మానించింది. సభ్యత్వం వేరు, పందెంలో దిగే లైసెన్సు వేరు కాబట్టి ఆ సందులోంచి టేలర్ లోపలికి రాగలిగాడు. ఆ తీర్మానాన్ని లీగ్ వారసులు అధికారికంగా వెనక్కి తీసుకున్నది 1999లో. అగ్రకులాల వీధిలో దళితుడు సైకిల్ దిగి నడిపించుకుపోవాలన్న కట్టడి మన ఊళ్లలోనూ ఉండేది కనుక, ఇందులో మనం ఆశ్చర్యపోవాల్సింది తక్కువే. రెండు చక్రాల మీద కూర్చున్న మనిషి ఎదుటివాడి తలకంటే ఎత్తులో ఉంటాడు, ముందుకు కూడా పోతాడు. కొందరికి అది చాలు, కడుపు మండటానికి.

1896 డిసెంబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టేలర్ ప్రొఫెషనల్‌గా మొదటిసారి దిగాడు. అది ఆరు రోజుల పందెం. నిద్రాహారాలు ఎవరికి వారు చూసుకుంటూ ఒకే మనిషి ఆరు రోజులూ గుండ్రంగా తిరగాలి, ఎక్కువ దూరం తిరిగినవాడు విజేత. క్రీడ అనడం కంటే హింస అనడమే న్యాయం. పద్దెనిమిదేళ్ల టేలర్ 1,700 మైళ్లకు పైగా తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. చివరి రోజుల్లో నిద్రలేమికి మతి చలించి, ఎవరో కత్తి పట్టుకుని వెంటపడుతున్నారని భయపడ్డాడు. ఇలాంటి పందేల మీద గోల లేచాక, ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కరాదని 1898లో న్యూయార్క్ చట్టం చేసింది. దాంతో ఇద్దరేసి జట్లుగా వంతులవారీగా తొక్కే పద్ధతి వచ్చింది. ఒలింపిక్స్‌లో ఈరోజు మాడిసన్ అని పిలిచే ట్రాక్ పోటీ పుట్టుక ఇదే.

టేలర్ మళ్లీ అంత దూరం జోలికి పోలేదు. అతని బలం స్ప్రింట్. ఈ ఆట చూడనివాళ్లకు ఒక మాట: స్ప్రింట్‌లో ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనక నక్కినవాడికి ఆ శ్రమ ఉండదు. అందుకని అందరూ వెనక ఉండి, ఆఖరి మలుపులో ఒక్క ఉదుటున ముందుకు దూకాలని చూస్తారు. తెల్ల రేసర్లు కూడబలుక్కుని టేలర్‌ను చుట్టూ మూసేసేవారు. ముందొకడు, పక్కనొకడు, వెనకొకడు. ఎటూ కదలనివ్వకపోవడమే వాళ్ల పథకం. అతను దీనికి రెండు విరుగుళ్లు కనిపెట్టాడు. ఒకటి, ఎవరి వీపు వెనకా నక్కకుండా మొదటి నుంచే ముందుండటం, అంటే గాలి భారమంతా తానే మోయడం. రెండోది, చక్రం పట్టేంత సందు కనబడగానే కన్ను మూసి తెరిచేలోగా అందులోంచి దూరిపోవడం. హ్యాండిల్‌ను ముందుకు జరిపే ఒక పొడుగాటి ఇనుప మెడ కూడా అతని సైకిల్‌కు ఉండేది. వీపు నేలకు సమాంతరంగా వంచి తొక్కడానికి అది పనికొచ్చింది. ఆ భాగాన్ని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు.

ఓడించలేనివాళ్లు చేతులు ఎత్తారు. 1897లో మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో పందెం ముగిశాక ఒక రేసర్ టేలర్‌ను సైకిల్ మీంచి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. పోలీసులు వచ్చి విడిపించాల్సి వచ్చింది. శిక్షగా పడింది 50 డాలర్ల జరిమానా. మరుసటి ఏడాది సాధన కోసం జార్జియాలోని సవానాకు వెళితే, 48 గంటల్లో ఊరు విడిచి పొమ్మని బెదిరింపు ఉత్తరం వచ్చింది. వెళ్లిపోయాడు. దక్షిణాది ట్రాకులు అతని ఎంట్రీలనే తీసుకోలేదు. జాతీయ చాంపియన్‌షిప్ పాయింట్ల మీద ఆధారపడ్డ రోజుల్లో, కొన్ని ఊళ్లలో దిగనివ్వకపోవడం అంటే కిరీటం అందకుండా చేయడమే.

అయినా 1899 ఆగస్టు 10న మాంట్రియల్‌లో ఒక మైలు స్ప్రింట్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఏ ఆటలోనైనా ప్రపంచ చాంపియన్ అయిన నల్లజాతివాళ్లలో అతను రెండోవాడు. మొదటివాడు కెనడా బాక్సర్ జార్జ్ డిక్సన్. అదే ఏడాది నవంబర్‌లో, ముందు ఒక యంత్రపు బండి గాలిని అడ్డుకుంటుండగా, మైలు దూరాన్ని 1 నిమిషం 19 సెకన్లలో తొక్కాడు. గంటకు 73 కిలోమీటర్ల లెక్క. 1900లో అమెరికా స్ప్రింట్ చాంపియన్‌షిప్ కూడా చేతికొచ్చింది.

ఐరోపా నుంచి పిలుపులు అంతకుముందే వస్తున్నాయి. పెద్ద మొత్తాలు ఇస్తామన్నారు. టేలర్ ఒక్క షరతు దగ్గర ఆగాడు: ఆదివారం తొక్కడు. తల్లి భక్తి అతనికి అబ్బింది. వూస్టర్‌లో బాప్టిస్టు సంఘంలో చేరాడు. ఫ్రాన్స్‌లో పందేలన్నీ ఆదివారాలే. చివరికి నిర్వాహకులే దిగివచ్చి, ఆదివారం లేని ఒప్పందం రాసుకున్నారు. 1901లో పారిస్‌లోని పార్క్ ద ప్రిన్స్ ట్రాకు మీద ఫ్రెంచి వీరుడు, అంతకు ముందేడు ప్రపంచ చాంపియన్ ఎడ్మండ్ జాక్లిన్‌తో రెండు పోటీలు పెట్టారు. మొదటిది మే 16 గురువారం, రెండోది మే 27 సోమవారం. రెండూ క్రైస్తవ పండుగ రోజులే. ఆటగాడి నియమం కోసం పంచాంగం తిరగేశారన్నమాట. చలిగా ఉన్న మొదటి రోజు జాక్లిన్ గెలిచాడు. పదకొండు రోజుల తర్వాత టేలర్ వరసగా రెండు విడతల్లోనూ అతణ్ణి ఓడించాడు.

1902లో డెయిసీ మోరిస్‌ను పెళ్లాడాడు. 1903లో, 1904లో ఆస్ట్రేలియా వెళ్లాడు. శ్వేతేతరుల వలసను ఆపడానికి చట్టం చేసుకున్న ఆ దేశమే అతనికి బ్రహ్మరథం పట్టింది. 1904లో అక్కడే కూతురు పుడితే ఊరి పేరు కలిపి రీటా సిడ్నీ అన్నారు. ఆ రెండో ఏడాది మాత్రం అమెరికా నుంచి వచ్చిన తెల్ల రేసర్లు పాత కక్షలనూ వెంట తెచ్చుకున్నారు. తిరిగి అమెరికాలో దిగిన టేలర్ శరీరం, మనసు రెండూ అలిసిపోయి మూడేళ్లు సైకిల్ పక్కన పెట్టాడు. 1907లో మళ్లీ ఐరోపాలో తొక్కాడు. 1909కి ఆదివారం నియమం కూడా సడలించుకున్నాడు. ఒడ్డూ పొడుగూ తగ్గని మనిషి అనుకున్నవాడు ఇక్కడ వంగడం కొందరికి నచ్చదేమో. ఇంటిని పోషించాల్సిన మనిషి, వయసు పైబడుతున్న ఆటగాడు, అవకాశాలు తగ్గుతున్న కాలం. తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. 1910లో 32వ ఏట విరమించాడు.

ఆ తర్వాతి ఇరవై రెండేళ్లు కిందికి జారడమే. అంతకుముందు అతను వూస్టర్‌లో మంచి పేటలో ఇల్లు కొంటే, ఇరుగుపొరుగు తెల్లవాళ్లు దాన్ని తిరిగి కొనేస్తామని వచ్చారు; అమ్మలేదు. ఇంజనీరింగ్ చదవాలనుకుంటే హైస్కూలు పట్టా లేదని అక్కడి కాలేజీ చేర్చుకోలేదు. తాను రూపొందించిన చక్రాల వ్యాపారంలో సంపాదన కరిగిపోయింది. డెయిసీ కుట్టుపని చేసింది. చివరికి ఆ ఇల్లూ పోయింది. 1917లో న్యూవార్క్‌లో పాత ఆటగాళ్ల పందెం ఒకటి పెడితే వెళ్లి గెలిచొచ్చాడు. అతన్ని పందెంలోకి సాగనంపడానికి మంగర్ వచ్చి నిలబడ్డాడు.

మిగిలిన శక్తంతా ఆత్మకథ మీద పెట్టాడు. ఆరేళ్లు పట్టింది. ప్రచురణకర్త దొరకక 1928లో సొంత ఖర్చుతో వేసుకున్నాడు. తొక్కిన పందేలన్నీ, తేదీలతో, ఫలితాలతో, పత్రికల కత్తిరింపులతో సహా అందులో ఉన్నాయి. కొట్టినవాళ్ల సంగతీ ఉంది, ద్వేషం మాత్రం వెతికినా కనబడదు. భార్యతో దూరం పెరిగి, 1930 ప్రాంతంలో ఒంటరిగా షికాగో చేరాడు. చిన్నప్పుడు గడప దాటనివ్వని వై.ఎం.సి.ఎ.లోనే, నల్లవాళ్ల కోసం నడిచే శాఖలో, గది తీసుకుని ఉంటూ ఇంటింటికీ తిరిగి పుస్తకాన్ని అమ్ముకున్నాడు. మాంద్యం రోజులు. ఒకప్పటి సైకిల్ వీరుడి జ్ఞాపకాలు కొనే ఓపిక ఎవరికుంది?

1948లో కొందరు పాత ప్రొఫెషనల్ రేసర్లకు ఆ సమాధి సంగతి తెలిసింది. ష్విన్ సైకిల్ కంపెనీ అధిపతి ఫ్రాంక్ ష్విన్ డబ్బిచ్చాడు. శవపేటికను పైకి తీసి అదే శ్మశానంలో మంచి చోట మళ్లీ పూడ్చారు, కంచు పలక పెట్టారు. వూస్టర్‌లో ఇప్పుడు ఏటా ఒక రోజు జార్జ్ స్ట్రీట్‌లో బళ్లు ఆపేస్తారు. పిల్లలూ పెద్దలూ ఒకరి తర్వాత ఒకరు సైకిల్ మీద ఆ నిట్రమైన వీధి ఎక్కుతారు, ఎవరు ఎన్ని సెకన్లలో ఎక్కారో రాసుకుంటారు.