మద్రాసు మైదానాన మన జెండా – బుచ్చిబాబు నాయుడు

సంక్రాంతి కోతలు ముగిసి, మళ్లు ఆరి, వసంతం అడుగుపెట్టే వేళకు సరిహద్దు పల్లెలలో ప్రతి బయలూ క్రికెట్ మైదానంగా మారుతుంది. తెలుగు, తమిళం కలగలిసిన కేకలతో పిల్లలు పొద్దుగూకే వరకు ఆడుకుంటారు. ఈ ఆట ఒకనాడు దొరలకు మాత్రమే దక్కిన వినోదమనీ, మద్రాసు నగరంలో దానిని మన జనానికి అందించినవారు ఒక తెలుగువారనీ ఎరిగినవారు తక్కువ. ఆయన మోదవరపు వెంకట మహీపతి నాయుడు. లోకానికి బుచ్చిబాబు నాయుడు. దక్షిణ భారత క్రికెట్ పితామహుడని ఆయనకు పేరు.

బుచ్చిబాబు 1868లో మద్రాసులో జన్మించారు. మాతామహులు మోదవరపు దేరా వెంకటస్వామి నాయుడుగారు ఆయనను దత్తత తీసుకున్నారు. వెంకటస్వామి నాయుడుగారు ప్యారీ కంపెనీకి దుబాసీ. రెండు భాషలు ఎరిగి, దొరలకూ దేశీయ వర్తకులకూ నడుమ బేరసారాలు నడిపించేవారే దుబాసీలు. నాటి మద్రాసు వాణిజ్యంలో ఆ ఉద్యోగం సిరిసంపదలకు నిలయం. కంపెనీ కార్యాలయం నేటి జార్జి టౌన్ మొగదల, ఇప్పటికీ ప్యారీస్ కార్నర్ అని పిలువబడుతున్న చోట ఉండేది. కుటుంబ నివాసం మాత్రం మైలాపూరులోని లజ్ హౌస్ అనే విశాలమైన భవంతి.

జార్జి టౌన్ కథ కొంత తెలుసుకోనిదే బుచ్చిబాబు చేసిన పని విలువ బోధపడదు. సెయింట్ జార్జి కోటకు ఉత్తరాన, గోడకు ఆనుకొని, దేశీయులు నివసించే పాత పేట ఒకటి ఉండేది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. ఆ యుద్ధాల కాలంలో ఆ పేట నేలమట్టమైంది. కోట మీది ఫిరంగులకు ఎదుట అడ్డు ఉండరాదని ఆంగ్లేయులు ఆ నేలను మళ్లీ ఇళ్లు లేవకుండా బయలుగా ఉంచారు. ఇళ్లు కట్టరాదని హద్దు తెలుపుతూ ఆరు రాతి స్తంభాలు నాటారు. వాటిలో మిగిలిన ఒకటి నేటికీ ప్యారీస్ కార్నర్ వద్ద డేర్ హౌస్ పక్కన కనిపిస్తుంది. ఆ హద్దుకు ఆవల పెరిగిన కొత్త పేటయే తరువాతి కాలంలో అయిదవ జార్జి చక్రవర్తి పేరున జార్జి టౌన్ అయింది. నడుమ మిగిలిన బయలుకు ఎస్ప్లనేడ్ అని పేరు.

లజ్ హౌస్ పిల్లల చదువు సంధ్యలు ఆంగ్ల ఉపాధ్యాయినుల పర్యవేక్షణలో సాగాయి. వారి వెంట చేపాక్ మైదానానికి వెళ్లి ఆట చూడటంతో బుచ్చిబాబుకు క్రికెట్ మీద మక్కువ కలిగింది. చేపాక్ నాడు మద్రాసు క్రికెట్ క్లబ్బువారిది. 1846లో ఏర్పడిన ఆ క్లబ్బు ఐరోపావాసులకే పరిమితం. భారతీయులు అక్కడ ఆడవలసి వచ్చినా పెవిలియన్‌లో కాలు పెట్టే వీలు లేదు. విరామ వేళ దొరలు లోపల బల్లల ముందు భోజనం చేస్తుంటే, మనవారు బయట చెట్ల నీడన కూర్చుని తినవలసి వచ్చేది. ఆడటానికి పనికివచ్చిన మనిషి సరసన కూర్చోవడానికి పనికిరాడన్న ఆ రీతి బుచ్చిబాబు మనసును గాయపరచింది.

ఆయన ఆ తలుపు తట్టలేదు. 1888లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, ఎస్ప్లనేడ్‌లో కొంత భాగాన్ని శుభ్రం చేయించి మైదానంగా తీర్చారు. మన పూర్వుల ఇళ్లు కూల్చి ఖాళీ చేసిన ఆ బయలులోనే మనవారు తలెత్తుకొని ఆడే చోటు వెలసింది.

మైదానం ఉన్నంత మాత్రాన ఆట రాదు. క్రికెట్ ఖర్చుతో కూడిన ఆట. విల్లో కర్రతో చేసిన బ్యాటు, తోలుబంతి, కాళ్లకు ప్యాడ్లు, చేతులకు తొడుగులు సామాన్య గృహస్థు కొనగలిగినవి కావు. బుచ్చిబాబు ప్రతిభ ఉన్న యువకులను వెదకి చేరదీశారు. వారికి ఆట సామాగ్రినీ దుస్తులనూ తన సొంత ధనంతో సమకూర్చారు. దగ్గరుండి శిక్షణ ఇచ్చారు. ఆయన స్వయంగా మంచి బ్యాట్స్‌మన్, జట్టుకు నాయకుడు. అందువల్ల ఆయన నేర్పిన దానిలో అధికారం కంటే ఆచరణ ఎక్కువగా ఉండేది. తాతగారు కూడబెట్టిన దుబాసీ సంపదలో ఒక పాలు ఈ విధంగా పేరులేని యువకుల చేతులలో బ్యాటుగా మారింది.

ఇరవై సంవత్సరాల కృషి తరువాత ఆయన అసలు సంకల్పం నెరవేరే సమయం వచ్చింది. దొరల జట్టూ భారతీయుల జట్టూ సమ ఉజ్జీలుగా తలపడే పోటీకి 1908లో మద్రాసు క్రికెట్ క్లబ్బు అంగీకరించింది. అదే ప్రెసిడెన్సీ మ్యాచ్. కాని ఆ పోటీ జరగడానికి కొద్ది రోజుల ముందే బుచ్చిబాబు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు నలభై. తాను ఇరవై ఏళ్లు ఎదురుచూసిన దినాన్ని ఆయన చూడలేకపోయారు. ఆయన తీర్చిదిద్దిన జట్టు మాత్రం బరిలో దిగింది.

ఆ పోటీ క్రమంగా పొంగలు పండుగ వేడుకలలో భాగమై, పొంగల్ మ్యాచ్‌గా మద్రాసు జనం నోట నిలిచి 1952 వరకు సాగింది. సి.కె. నాయుడు వంటి మహా క్రీడాకారులు భారతీయుల పక్షాన అందులో ఆడారు. మరొక మార్పు కూడా గమనింపదగినది. 1934 నవంబరులో రంజీ ట్రోఫీ మొట్టమొదటి మ్యాచ్ అదే చేపాక్‌లో మద్రాసు, మైసూరు జట్ల నడుమ జరిగింది. ఆనాటి మద్రాసు జట్టులో జాన్‌స్టన్ అనే ఆంగ్లేయుడు నాయకుడు కాగా, భారతీయులు ఆయనతో భుజం కలిపి ఆడారు.

బుచ్చిబాబు కుమారులు వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి ముగ్గురూ క్రీడాకారులే. తల్లి తరఫు వంశానికి దత్తుగా వెళ్లి కోటా రామస్వామి అయిన చిన్న కుమారుడు 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లోనూ, 1936లో ఇంగ్లండులో టెస్టు క్రికెట్‌లోనూ దేశానికి ప్రాతినిధ్యం వహించారు. నలభై ఏళ్ల వయస్సులో ఆడిన తన తొలి టెస్టులో 40, 60 పరుగులు చేశారు. తండ్రి మరణించిన వయస్సులో తనయుడు టెస్టు ఆట మొదలుపెట్టడం విధి చిత్రం.

తండ్రి జ్ఞాపకార్థం 1909-10లో మొదలైన బుచ్చిబాబు టోర్నమెంటు తొలుత మద్రాసు జట్లకే పరిమితమై, 1960ల చివరలో అఖిల భారత స్థాయికి ఎదిగింది. కొన్నేళ్లు ఆగి, 2023లో తిరిగి ప్రారంభమైంది. 2024లో ఆ విజేత కప్పును హైదరాబాదు జట్టు గెలుచుకున్నది.

బుచ్చిబాబు శతకాల లెక్క నేడు ఎవరి నోటా వినబడదు. మైదానం లేనివారికి మైదానమూ, బ్యాటు కొనలేనివారికి బ్యాటూ సమకూర్చి, తాను ఎన్నడూ చూడని తరాల ఆటగాళ్లకు దారి వేసిన మనిషిగా ఆయన నిలిచారు. ఊరి బడికి ఆటస్థలం కోసం పాటుపడే పెద్దలు తలచుకోవలసిన పేర్లలో ఆయన పేరు ముందు వరుసలో ఉంటుంది.