లెనెక్ మహాశయుడు

రోగమునకు మందిచ్చుట కంటె ఆ రోగమేదో గుర్తించుట కష్టము. దగ్గు, ఆయాసము, జ్వరము పెక్కు వ్యాధులకు సామాన్య లక్షణములు. రొమ్ములోని అవయవములు కంటికి కానరావు. కావున పూర్వకాలపు వైద్యులు నాడిని పట్టియు, నాలుకను చూచియు, రోగి మాటలు వినియు వ్యాధిని ఊహించుచుండిరి. ఊహ తప్పినచో చికిత్సయు తప్పెడిది. ఈ కష్టమును కొంతవరకు తొలగించిన మహనీయుడు రెనే లెనెక్.

ఆయన 1781వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన ఫ్రాన్సు దేశమున బ్రిటనీ సీమలోని కెంపేరు పట్టణమునందు జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. నాంట్ నగరమున వైద్యుడుగా నున్న తండ్రి సోదరుడు ఆ బాలుని పెంచి, వైద్యవిద్య యందు ఆసక్తి కలిగించెను.

1801లో లెనెక్ పారిసు నగరమునకేగి కొర్విసారు అను ప్రసిద్ధ వైద్యునకు శిష్యుడయ్యెను. నిండుకుండయు వట్టికుండయు తట్టినప్పుడు వేర్వేరుగ మ్రోగును గదా! అట్లే రొమ్మును వ్రేళ్లతో తట్టి లోపలి స్థితిని గ్రహించు పద్ధతిని ఆస్ట్రియా వైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ 1761లో ప్రకటించెను. లోకము మరచిన ఆ పద్ధతిని కొర్విసారు ఉద్ధరించి శిష్యులకు నేర్పెను.

1816లో లెనెక్ నెకేరు వైద్యశాలలో పనిచేయుచుండగా హృద్రోగ లక్షణములు గల యువతి యొకతె వచ్చెను. ఆమె స్థూలకాయము వలన తట్టి చూచుట నిష్ఫలమయ్యెను. రొమ్మునకు చెవి నానించి వినుట మర్యాద కాదు. దూలము నొక కొనయందు సూదితో గీకినచో రెండవ కొనయందు చెవి నుంచిన వానికి ఆ చప్పుడు స్పష్టముగ వినబడునను విషయము ఆయనకు స్ఫురించెను. వెంటనే కాగితముల దస్తాను గొట్టముగ చుట్టి, ఒక కొనను రోగి రొమ్మునకును, రెండవ కొనను తన చెవికిని ఆనించెను. గుండె చప్పుడు మునుపెన్నడును విననంత స్పష్టముగ వినబడెను! పిదప కొయ్యతో గొట్టమును చేయించెను. అదియే మొదటి స్టెతస్కోపు.

అయినను వినుట వేరు, విన్నదాని యర్థము తెలియుట వేరు. ఆయన రోగుల రొమ్ములలోని ధ్వనులను విని వ్రాసికొనెను. రోగి మరణించినచో శవమును పరీక్షించి, తాను విన్న ధ్వనికిని లోపలి వికారమునకును గల సంబంధమును సరిచూచుకొనెను. ఇట్లు న్యుమోనియా, క్షయ మున్నగు వ్యాధులను వేరుపరచు మార్గమేర్పడెను. 1819లో ఈ ఫలితములను రెండు సంపుటముల గ్రంథముగ ప్రకటించెను. అందును పొరపాట్లు లేకపోలేదు. గుండె రెండవ చప్పుడునకు ఆయన చెప్పిన కారణము సరికాదని తరువాతి వైద్యులు నిరూపించిరి.

ఆయన దేహము మొదటి నుండియు దుర్బలము. తుదకు క్షయ సోకెను. బంధువగు మెరియాడెక్ అను వైద్యుడు స్టెతస్కోపుతోనే ఆయన రొమ్మును పరీక్షింపగా, ఇతరుల యందు తాను గుర్తించిన చిహ్నములే తన యందును తేలెను. 1826 ఆగష్టు 13వ తేదీన, తన 45వ యేట, స్వసీమయందే లెనెక్ కన్నుమూసెను.

ఎక్సు కిరణములు మొదలగు సాధనములెన్ని వచ్చినను నేటికిని వైద్యుని మెడలో స్టెతస్కోపు వ్రేలాడుచునే యున్నది. ఓపికతో వినుట, విన్నదానిని సత్యముతో సరిచూచుకొనుట, ఈ రెండును లెనెక్ మనకొసగిన పాఠములు.